నమోదైన నేరాలు పెరిగాయి, సర్వేలో నేరాలు తగ్గాయి: రెండూ ఒకేసారి నిజం కాగలవా?

ప్రశ్న: గణాంక శాస్త్ర అధ్యాపకురాలు

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ విద్యార్థులకు గణాంక శాస్త్రం బోధిస్తాను. సగటు, విచలనం వంటి పాఠాలను ఊహించి రాసుకున్న అంకెలతో కాక నిజమైన పట్టికలతో నేర్పాలన్న ఉద్దేశంతో ఈసారి నేరాలకూ, న్యాయస్థానాలకూ, జైళ్లకూ సంబంధించిన గణాంకాలను ఎంచుకున్నాను. లెక్కలు చేయడంలో విద్యార్థులకు ఇబ్బంది కలగలేదు. ఆ లెక్కలకు అర్థం చెప్పవలసి వచ్చేసరికి నేనే తడబడ్డాను.

మొదట ఇంగ్లండ్, వేల్స్ పట్టికలు తీసుకున్నాం. అక్కడ నేరాలను రెండు దారుల్లో లెక్కిస్తారు. పోలీసులు నమోదు చేసినవి ఒక వరుస. ఇళ్లకు వెళ్లి "గడచిన పన్నెండు నెలల్లో మీకు ఇలాంటిది జరిగిందా" అని అడిగి, ఆ జవాబుల నుంచి వేసిన అంచనా మరొక వరుస. 2014 తరువాత కొన్నేళ్లపాటు పోలీసుల లెక్కలో హింసాత్మక నేరాలు బాగా పెరుగుతూ పోయాయి. అదే కాలంలో సర్వే అంచనాలో అలాంటి పెరుగుదల ఏదీ కనబడదు. 1995 ప్రాంతం నుంచి దిగివస్తున్న గీత దిగువనే ఉండిపోయింది. రెండు గీతలనూ ఒకే గ్రాఫు కాగితం మీద గీసిన విద్యార్థిని "మేడమ్, వీటిలో ఏది అబద్ధం?" అని అడిగింది. రెండూ నిజమే కావచ్చునని అన్నాను గానీ, ఎలాగో వివరించలేకపోయాను.

రెండవది శిక్షల శాతం. జపాన్‌లో అభియోగం మోపి కోర్టుకు తెచ్చిన కేసుల్లో తొంభై తొమ్మిది శాతానికి పైగా దోష నిర్ధారణతోనే ముగుస్తాయి. భారతదేశంలో 2022లో శిక్షాస్మృతి కింది నేరాలకు ఆ శాతం 54.2. ఇది చూడగానే తరగతిలో కొందరు జపాన్ పోలీసులు మహా సమర్థులని తేల్చేశారు, మరికొందరు అక్కడ నిర్దోషులకు కూడా శిక్షలు పడుతున్నాయని తేల్చేశారు. ఒక్క భిన్నం చేతిలో పెట్టుకుని ఈ రెండు మాటల్లో దేన్నయినా అనవచ్చునా?

మూడవది దేశాల మధ్య పోలిక. స్వీడన్‌లో నమోదైన అత్యాచారాల రేటు యూరప్‌లోని ఎన్నో దేశాల రేటు కంటే చాలా ఎక్కువగా ఉంది. అంత తేడా నిజంగా మనుషుల ప్రవర్తనలోనే ఉందా, లెక్కించే తీరులో ఉందా? ఈ రంగంలో పని చేసినవారు ఎవరైనా వివరంగా చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.


జవాబు: విశ్రాంత స్టేషన్ రైటర్

అధ్యాపకురాలు గారికి నమస్కారం. జపాన్, స్వీడన్‌ల సంగతి నాకు తెలియదు. ఒక సంఘటన ఏ దారిన ప్రయాణించి పట్టికలో ఒక అంకెగా మారుతుందో మాత్రం నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఉద్యోగకాలంలో ఎక్కువ భాగం ఆ అంకెలు రాసిన చెయ్యి నాదే.

ఒక రాత్రి ఒక ఇంటి తాళం పగలగొట్టి ఇద్దరు లోపలికి వచ్చారనుకోండి. బీరువాలోని నగలు తీసుకున్నారు, అలికిడికి లేచిన పెద్దాయనను కొట్టి పడేశారు, పోతూ పోతూ వాకిట్లో ఉన్న స్కూటరు కూడా తోలుకుపోయారు. ఆ ఇంటివాళ్లకు ఇవి నాలుగు నష్టాలు. తెల్లవారి ఇంటి యజమాని వచ్చి ఒక ఫిర్యాదు ఇస్తే ఒక ఎఫ్‌ఐఆర్ అవుతుంది. అందులో సెక్షన్లు ఎన్ని రాసినా, గణాంకాల పట్టికకు వెళ్లేటప్పుడు వాటిలో అన్నింటికంటే పెద్ద శిక్ష ఉన్న నేరం కిందనే ఒక్క అంకె పడుతుంది. దోపిడీ గడిలో ఒకటి పెరుగుతుంది, ఇంటి దొంగతనం గడిలో ఏమీ పెరగదు, వాహన చోరీ గడిలోనూ ఏమీ పెరగదు. ఆ స్కూటరు పక్కింటివారిదై, వారు వేరుగా వచ్చి ఫిర్యాదు ఇచ్చి ఉంటే మాత్రం రెండు ఎఫ్‌ఐఆర్‌లు, రెండు అంకెలు. జరిగింది మారలేదు, స్టేషన్ మెట్లెక్కినవారి సంఖ్య మారింది. భారతదేశంలో జాతీయ నేర రికార్డుల బ్యూరో పాటించే ప్రధాన నేర సూత్రం ఇదే, ఆ సంగతి వారి నివేదికలోనే రాసి ఉంటుంది. ముందుమాటలు చదివే ఓపిక ఎవరికీ ఉండదు గానీ, పట్టికకంటే ముందు చదవవలసినవి అవే.

ఇంతవరకూ నియమం. ఇక నియమం కాని సంగతి ఒకటి చెప్పాలి, ఇది చెప్పడం నాకు కష్టంగానే ఉంది. ఒకావిడ వచ్చి "నా ఫోను పోయిందండి" అంటుంది. మన భాషలో "పోయింది" అన్న మాట రెండు వైపులా వాలుతుంది; ఎవరో ఎత్తుకుపోయినా పోయిందే, ఎక్కడో జారిపోయినా పోయిందే. "ఎక్కడ పోయిందమ్మా?" అని అడిగితే "బస్సు దిగి చూసుకుంటే లేదండి" అంటుంది. అప్పుడు కాగితం మీద "నా ఫోనును పోగొట్టుకున్నాను" అని రాస్తే అది దొంగతనం కాదు, ఎఫ్‌ఐఆర్ అక్కరలేదు, స్టేషన్ రోజువారీ పుస్తకమైన జనరల్ డైరీలో ఒక ఎంట్రీ వేసి రసీదు ఇస్తే సరిపోతుంది. "ఎవరో నా సంచిలోంచి తీశారు" అని రాస్తే అది కేసు, దర్యాప్తు, పెండింగు, పై అధికారి సమీక్ష. నెలాఖరు స్టేట్‌మెంటులో గత ఏడాది ఇదే నెల, ఈ ఏడాది ఈ నెల అని రెండు గడులు పక్కపక్కనే ఉంటాయి. రెండోది పెద్దదైతే సంజాయిషీ చెప్పుకోవాలి. అందుకని నేను ఎన్నోసార్లు "పోగొట్టుకున్నాను" అనే రాయించాను. ఆవిడ చదివి సంతకం పెట్టింది కూడా. ఆ ఏడాది మా స్టేషన్ పరిధిలో దొంగతనాలు తగ్గాయని స్టేట్‌మెంటు చెప్పింది, దాన్ని నేనే టైపు చేశాను.

కాగ్నిజబుల్ నేరం, అంటే పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయగల నేరం, జరిగినట్టు ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి తీరాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013 నవంబరులో లలితా కుమారి కేసులో తీర్పు ఇచ్చింది. అలాంటి తీర్పు నిజాయితీగా అమలైన చోట మరుసటి ఏడాది లెక్క పెరగాలి. పెరగకపోతేనే అనుమానించాలి. కాబట్టి మీ విద్యార్థులకు నా మనవి ఒక్కటే: పట్టికలో అంకె కనబడగానే అది ఏ గుమ్మం దగ్గర లెక్కపెట్టిన అంకె అని అడగమనండి.


జవాబు: సర్వే పద్ధతుల పరిశోధకుడు

రైటర్ గారు చెప్పిన "పోగొట్టుకున్నాను" అన్న మాటలోనే అధ్యాపకురాలు గారి మొదటి ప్రశ్నకు సగం జవాబు ఉంది. మిగతా సగం నేను చెప్పే ప్రయత్నం చేస్తాను.

ఇంగ్లండ్‌లో జరిగింది ఇది. పోలీసులు నమోదు చేసే నేరాల లెక్క నమ్మదగినదిగా లేదని 2014 జనవరిలో అక్కడి గణాంకాల ప్రాధికార సంస్థ దానికి ఉన్న జాతీయ గణాంకాల హోదాను తొలగించింది. అదే ఏడాది నవంబరులో పోలీసు తనిఖీ విభాగం ఒక నివేదిక ప్రచురించింది. ప్రజలు పోలీసుల దృష్టికి తెచ్చిన నేరాల్లో 19 శాతం, అంటే ఏటా 8 లక్షలకు పైగా, అసలు నమోదే కావడం లేదని అందులో తేల్చారు. హింసాత్మక నేరాల్లో ఆ లోపం 33 శాతం, లైంగిక నేరాల్లో 26 శాతం. ఈ నివేదిక తరువాత పోలీసు విభాగాలు నమోదు చేసే పద్ధతిని సరిదిద్దుకోవడం మొదలుపెట్టాయి. మూడింట ఒక వంతు వదిలేస్తున్న గడిని పూర్తిగా నింపడం మొదలుపెడితే, వీధుల్లో ఒక్క దెబ్బ కూడా అదనంగా పడకపోయినా ఆ గడిలోని అంకె సగం మేర పెరుగుతుంది: 67 ఉన్న చోట 100 వస్తాయి. ఆ కాలపు పెరుగుదల అంతా ఇదేనని నేను అనడం లేదు. కత్తులతో జరిగిన నేరాలు ఆ రోజుల్లో నిజంగానే పెరిగాయి, ఆసుపత్రుల లెక్కలు కూడా ఆ మాటే చెప్పాయి. అయితే మీ విద్యార్థిని గ్రాఫులో నిట్టనిలువుగా ఎక్కిన గీతలో పెద్ద భాగం నేరాలది కాదు, కలాలది.

ఇది కొత్తగా కనిపెట్టిన చిక్కు కాదు. ఫ్రాన్స్ న్యాయశాఖ 1827లో దేశవ్యాప్త నేర గణాంకాల ప్రచురణ మొదలుపెట్టింది. ఆ పట్టికలను పట్టుకుని పని చేసిన బెల్జియం గణాంకవేత్త అడాల్ఫ్ కెట్లే ఆ రోజుల్లోనే దీన్ని గుర్తించాడు. మనకు తెలిసిన నేరాలకూ, జరిగిన మొత్తం నేరాలకూ మధ్య నిష్పత్తి ఇంచుమించు స్థిరంగా ఉంటుందని అనుకుంటేనే ఈ పట్టికల నుంచి ఏమైనా చెప్పగలమని, ఆ ఊహ లేకపోతే కట్టిందంతా కూలిపోతుందని ఆయన భావం. మీ తరగతికి ఇంతకంటే మంచి అభ్యాసం దొరకదు. నమోదైన సంఖ్య అంటే జరిగిన సంఖ్యను నమోదయ్యే సంభావ్యతతో గుణించగా వచ్చిన లబ్ధం. లబ్ధం పెరిగిందని మాత్రమే తెలిసినప్పుడు ఏ కారణాంకం పెరిగిందో చెప్పలేం. రెండో కారణాంకాన్ని విడిగా కొలిచే మార్గం ఉండాలి. బాధితుల సర్వేలు పుట్టింది అందుకే. అమెరికాలో 1970ల తొలి సంవత్సరాల నుంచి, ఇంగ్లండ్‌లో 1982 నుంచి ఇవి జరుగుతున్నాయి. అమెరికా సర్వేలో ఏటా దాదాపు 2 లక్షల 40 వేల మందిని అడుగుతారు. హింసకు గురైన సందర్భాల్లో సగం కంటే తక్కువే పోలీసుల దాకా వెళ్తున్నాయని ఆ సర్వే దాదాపు ప్రతి ఏడాదీ చెబుతూనే ఉంది.

అలాగని సర్వే సత్యమూ, పోలీసు లెక్క అసత్యమూ కాదు. చనిపోయినవారు జవాబు చెప్పలేరు గనుక హత్యలు సర్వేలో రావు. ఇల్లు లేనివారు, హాస్టళ్లలో, జైళ్లలో ఉన్నవారు సాధారణంగా రారు. కొట్టినవాడు పక్కగదిలోనే ఉంటే ఆ ఇంటి స్త్రీ ఏం చెబుతుంది? అలాగే అరుదైన నేరాల విషయంలో నమూనా చాలదు. ముప్పై అయిదు వేల ఇళ్లలో ఒక ఏడాది పదకొండు మంది, మరుసటి ఏడాది పదిహేడు మంది "అవును" అన్నారనుకుంటే, అది యాభై అయిదు శాతం పెరుగుదల అని శీర్షిక రాయవచ్చు, కానీ నమూనా అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే, మీరు బోధించే విశ్వాస అంతరం ఆ శీర్షికను నిలబడనివ్వదు. అందుకే మామూలు దెబ్బలు, దొంగతనాల ధోరణికి సర్వేను, హత్యలకూ ఆయుధాలతో జరిగే తీవ్ర నేరాలకూ పోలీసు, ఆసుపత్రి లెక్కలను చూడడం ఆనవాయితీ.

ఇక చట్టమే అంకెలను పుట్టించిన సందర్భం ఒకటి. భారతదేశంలో 2019లో దాదాపు 51 లక్షల 56 వేలుగా ఉన్న నమోదిత నేరాలు 2020లో 66 లక్షలకు చేరాయి, అంటే 28 శాతం పెరుగుదల. దేశం తలుపులు మూసుకుని కూర్చున్న ఏడాదిలో ఇది ఎలా సాధ్యం? ప్రభుత్వోద్యోగి ఆదేశాన్ని ఉల్లంఘించడానికి సంబంధించిన 188వ సెక్షన్ కింద కేసులు సుమారు 29 వేల నుంచి 6 లక్షల 12 వేలకు పెరిగాయి, లాక్‌డౌన్ నిబంధనల కింద మరిన్ని లక్షలు వచ్చి చేరాయి. అదే ఏడాది దొంగతనాలు, దోపిడీలు తగ్గాయి. మొత్తం అనే గడిలో మాస్కు లేకుండా బయటికి వచ్చినవాడికీ, మనిషిని చంపినవాడికీ బరువు ఒకటే. మొత్తం నేరాలు అన్న అంకెను వార్తల్లో చూసినప్పుడల్లా నాకు బాధ కలిగేది అందుకే.


జవాబు: ఒక పాఠకుడు

ఇదంతా చదివాక నాకు తోచింది రాస్తున్నాను, తప్పయితే మన్నించండి. రాసే చెయ్యిని బట్టి అంకె మారుతుంటే, అడిగే మనిషిని బట్టి జవాబు మారుతుంటే, ఈ గణాంకాలను పక్కన పెట్టేయడమే మేలు కదా? ఏమీ తెలియదనుకోవడం తప్పు తెలుసుకోవడం కంటే మంచిది కాదా?


జవాబు: విశ్రాంత స్టేషన్ రైటర్

అలా అనకండి బాబూ. కొలత పాత్రకు చిల్లు ఉందని తెలిసినప్పుడు చిల్లు ఎంతో కొలుచుకోవాలి గానీ పాత్రను పారేస్తే బియ్యం ఎన్నున్నాయో ఎప్పటికీ తెలియదు. నేను రాసిన తప్పు లెక్క పట్టుబడే అవకాశం కూడా ఇంకో లెక్క వల్లనే ఉంది. ఫోను దొంగతనాలు తగ్గాయని నా స్టేట్‌మెంటు చెబుతుంటే, పోగొట్టుకున్న వస్తువుల రసీదులు మూడు రెట్లు అయ్యాయని జనరల్ డైరీ చెబుతూనే ఉంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవారు నా కాలంలో ఎవరూ లేరు.


జవాబు: క్రిమినల్ న్యాయవాది

రెండవ ప్రశ్న నా వృత్తికి సంబంధించినది గనుక కొంచెం వివరంగా రాస్తాను.

శిక్షల శాతం చూసినప్పుడు లవాన్ని అందరూ గమనిస్తారు, హారాన్ని గమనించేవారు తక్కువ. భారతదేశపు 54.2 శాతంలో హారం ఆ ఏడాది జరిగిన నేరాలు కాదు, ఆ ఏడాది నమోదైన కేసులూ కాదు, ఆ ఏడాది విచారణ పూర్తయిన కేసులు మాత్రమే. కోర్టుల ముందు ఉన్న కేసుల్లో పదింట తొమ్మిది దాకా ఆ ఏడాది చివరికి కూడా పెండింగులోనే ఉంటాయి, వాటికి ఈ భిన్నంలో పైనా కిందా ఎక్కడా చోటు లేదు. ఏ కేసులు ముందు పూర్తవుతాయో అది యాదృచ్ఛికంగా జరగదు. నేరం ఒప్పుకున్న చిన్న కేసు కొద్ది వాయిదాల్లో ముగుస్తుంది. నలభై మంది సాక్షులున్న కేసు పదేళ్లు సాగుతుంది. అందుచేత ఒక ఏడాది పెండింగు తగ్గించాలని చిన్న కేసులను వేగంగా తేల్చితే శిక్షల శాతం పెరుగుతుంది, మరో ఏడాది పాత కేసుల దుమ్ము దులిపితే అదే శాతం పడిపోతుంది. న్యాయం మెరుగుపడిందనడానికి గానీ చెడిందనడానికి గానీ ఈ కదలిక ఒక్కటే సాక్ష్యం కాదు.

జపాన్ సంగతికి వస్తే, వడపోత అక్కడ కోర్టుకు ముందే జరుగుతుంది. గెలుస్తామన్న గట్టి నమ్మకం ఉంటే తప్ప అక్కడి ప్రాసిక్యూటర్లు అభియోగం మోపరు, సాక్ష్యం సరిపోయిన కేసుల్లో కూడా నిందితుడి వయసు, పరిస్థితి, పశ్చాత్తాపం వంటివి చూసి అభియోగాన్ని నిలిపివేసే అధికారం వారికి ఉంది, దాన్ని విరివిగా వాడతారు కూడా. జల్లెడ పట్టిన పిండిలో నూక లేదని ఆశ్చర్యపడనక్కరలేదు. జల్లెడలోనే మిగిలిపోయినది ఎంత, దాన్ని ఎవరు చూశారు అన్నది అసలు ప్రశ్న. అక్కడ అభియోగానికి ముందు ఎక్కువ రోజులు నిర్బంధంలో ఉంచి ప్రశ్నించడంపైనా, ఒప్పుకోలు మీద అతిగా ఆధారపడడంపైనా తీవ్రమైన విమర్శ ఉంది, అది సబబైన విమర్శే. అయితే ఆ విమర్శకు ఆధారాలు వేరే చోట ఉన్నాయి, తొంభై తొమ్మిది అన్న అంకెలో లేవు. మీ తరగతిలోని రెండు పక్షాలూ ఒకే అంకె నుంచి, ఆ అంకెలో లేనిదాన్ని చదివాయి.

నిర్దోషిగా విడుదల అన్న గడి గురించి కూడా ఒక మాట. కొన్నేళ్ల క్రితం నేను వాదించిన ఒక దాడి కేసులో దెబ్బలు తిన్న మనిషి వాయిదా వాయిదాకూ పని మానుకుని కోర్టుకు వచ్చేవాడు. ఒకరోజు నిందితుడి తరఫు న్యాయవాది రాలేదు, ఇంకో రోజు దర్యాప్తు అధికారి రాలేదు, మరో రోజు న్యాయమూర్తి సెలవులో ఉన్నారు. ఆరో ఏట అతడు బోనెక్కి, ముద్దాయి వంక ఒకసారి చూసి, "చీకట్లో ఎవరు కొట్టారో నాకు తెలియదు" అన్నాడు. అది అబద్ధమని అతడికీ తెలుసు, నాకూ తెలుసు. బయటికి వచ్చాక "ఇక తిరగలేనండి" అన్నాడు. పట్టికలో అది ఒక నిర్దోషిత్వం. పోలీసులు అన్యాయంగా ఇరికించిన అమాయకుడు బయటపడినా అదే గడిలో అదే ఒకటి. ఈ రెంటినీ విడదీసే గడి లేనంత కాలం శిక్షల శాతం పెరగాలి అని కోరుకోవడం కూడా ప్రమాదమే, ఎందుకంటే దాన్ని పెంచడానికి మంచి మార్గాలెన్నో ఉన్నట్టే చెడ్డ మార్గాలూ ఉన్నాయి.

సరైన కొలత కావాలంటే ఒక ఏడాది నమోదైన కేసులను ఒక గుంపుగా తీసుకుని, అవి ఎక్కడెక్కడ ఆగిపోయాయో చివరిదాకా వెంబడించాలి: ఎన్నింటికి ఛార్జిషీటు పడింది, ఎన్ని ఆధారాలు లేవని మూసేశారు, ఎన్నింటిలో సాక్షులు ఎదురుతిరిగారు, ఎన్ని రాజీ అయ్యాయి, మిగిలినవి ఎన్నేళ్లకు తేలాయి. వైద్యులు ఒక ఏడాది చికిత్స మొదలైన రోగులను వెంబడించినట్టే ఇదీ.

మీరు జైళ్ల పట్టికలు కూడా తీసుకున్నానన్నారు గనుక ఇంకొకటి. జైళ్ల లెక్క ఒక నిర్ణీత తేదీన లోపల ఉన్నవారి లెక్క. ఏడాదిలో వచ్చి పోయినవారి లెక్క కాదు. ఒక ఊహాత్మక జైలును తీసుకుందాం. ఏటా వంద మంది ఒక్కో నెల శిక్షతోనూ, పది మంది పదేసి ఏళ్ల శిక్షతోనూ వస్తారు. వచ్చినవారిలో పదకొండింట పది వంతులు చిన్న నేరాలవారే. అయినా ఏదో ఒక రోజున లోపలికి వెళ్లి లెక్కపెడితే చిన్న శిక్షలవారు ఎనిమిది తొమ్మిది మంది, పదేళ్లవారు వంద మంది కనబడతారు. ఒకే జైలు, గుమ్మం దగ్గర నిలబడి లెక్కపెడితే ఒక లోకం, లోపల నిలబడి లెక్కపెడితే మరో లోకం. భారతదేశ జైళ్లలో 2022 చివరి రోజున 5,73,220 మంది ఉంటే వారిలో 4,34,302 మంది, అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు, ఇంకా దోషులుగా తేలని విచారణ ఖైదీలు. ఆ నిష్పత్తి పెరగడానికి అరెస్టులే పెరగనక్కరలేదు. అరెస్టులు తగ్గినా విచారణ కాలం సాగితే చాలు. లోపల ఉన్నవారి సంఖ్య అంటే వచ్చేవారి సంఖ్యను ఉండే కాలంతో గుణించినది. ఈ సూత్రం మీ విద్యార్థుల చేత చేయించండి. అందులోని రెండో కారణాంకం ఒక్కొక్క మనిషి జీవితంలోంచి తీసిన నెలలు అని కూడా దయచేసి చెప్పండి.


అధ్యాపకురాలు

మీ అందరికీ ఎంతో కృతజ్ఞురాలిని. "పోయింది", "పోగొట్టుకున్నాను" అన్న ఉదాహరణను నిన్ననే తరగతిలో చెప్పాను, గది నిశ్శబ్దమైపోయింది. వంద మంది, పది మంది జైలు లెక్కను కూడా చేయించాను. స్వీడన్ విషయం, మొత్తంగా దేశాల పోలిక విషయం మాత్రం ఇంకా మిగిలి ఉంది. పోల్చదగిన నేరం ఒక్కటైనా ఉందా?


జవాబు: సర్వే పద్ధతుల పరిశోధకుడు

స్వీడన్ అంకెలో మూడు సంగతులు కలిసి ఉన్నాయి. మొదటిది, అక్కడ ఫిర్యాదు అందిన క్షణంలోనే నేరంగా లెక్కపెడతారు, తరువాత దర్యాప్తులో అది నేరం కాదని తేలినా ఆ లెక్కలో ఉండిపోతుంది. జర్మనీలో దర్యాప్తు ముగించి ఫైలు ప్రాసిక్యూటరుకు పంపేటప్పుడు లెక్కపెడతారు. రెండవది, ఒక భార్య తన భర్త ఏడాదిపాటు తనను పదే పదే బలవంతం చేశాడని చెబితే స్వీడన్‌లో ఒక్కొక్క సందర్భాన్నీ విడివిడిగా నమోదు చేస్తారు. చాలా దేశాల్లో అది మొత్తం ఒకే కేసు. మూడవది, అక్కడ చట్టంలోని నిర్వచనమే 2005లో విస్తరించింది, 2018లో సమ్మతి లేకపోవడమే ప్రమాణంగా మళ్లీ మారింది. దీన్నిబట్టి స్వీడన్‌లో ఆ సమస్య చిన్నదని అనుకోరాదు. పక్క దేశం అంకెతో దాన్ని పోల్చలేమని, ఆ రెండు అంకెలూ ఒకే వస్తువును కొలవడం లేదని మాత్రమే అర్థం. పైగా, బాధితురాలి మాటను విని నమోదు చేసే దేశమే పట్టికలో చెడ్డగా కనబడి, తలుపు మూసే దేశం మంచిదిగా కనబడుతుంది. ఇది ఆ స్త్రీలకు రెండోసారి జరిగే అన్యాయం.

పోల్చదగినది ఏదైనా ఉంటే అది హత్య. శవాన్ని దాచడం కష్టం, నిర్వచనంలో తేడాలు తక్కువ, పోలీసులతో పాటు మరణ ధ్రువపత్రాలు రాసే వైద్య వ్యవస్థ కూడా విడిగా లెక్కపెడుతుంది. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల, నేరాల విభాగం అంచనా ప్రకారం 2021లో ప్రపంచంలో దాదాపు 4 లక్షల 58 వేల మంది హత్యకు గురయ్యారు, అంటే ప్రతి లక్ష జనాభాకు 5.8.

హత్యల విషయంలో కూడా తేదీల గడి చూడకుండా గీత గీయకండి. ఇంగ్లండ్‌లో హత్యను అది జరిగిన ఏడాదిలో కాక పోలీసులు నమోదు చేసిన ఏడాదిలో చూపుతారు. హెరాల్డ్ షిప్‌మన్ అనే వైద్యుడు దశాబ్దాలపాటు చంపిన రోగుల్లో 172 మంది మరణాలు విచారణ నివేదిక తరువాత 2002-03 లెక్కలో ఒక్కసారిగా వచ్చి చేరాయి. 1989లో హిల్స్‌బరో ఫుట్‌బాల్ మైదానంలో తొక్కిసలాటలో పోయిన 96 మంది, న్యాయ విచారణలో వారి మరణాలు చట్టవిరుద్ధ హత్యలని తేలాక, 2017 మార్చితో ముగిసిన ఏడాది లెక్కలో కనబడతారు. ఇరవై ఏడేళ్లు ఆ కుటుంబాలు పోరాడాయి గనుక ఆ అంకె ఆ గడిలో ఉంది. మీ విద్యార్థులు దాన్ని మిగతావాటితో పొసగని అసంగత బిందువు అని తీసివేసే ముందు ఆ సంగతి తెలుసుకోవాలి.


అధ్యాపకురాలు

మొదటి రోజు "ఏది అబద్ధం" అని అడిగిన విద్యార్థిని ఇవాళ తన గ్రాఫు మీద పోలీసుల వరుసలో 2014 దగ్గర ఒక నిలువు చుక్కల గీత గీసి, పక్కన "ఇక్కడ లెక్కించే పద్ధతి మారింది" అని రాసి తెచ్చింది. హత్యల గ్రాఫులో ఆ 172కూ, 96కూ వేరే రంగు వేసింది. సర్వే వరుసలో కూడా అలాంటి గీతలు గీయవలసినవి ఉన్నాయా అని అడగమంది.


జవాబు: సర్వే పద్ధతుల పరిశోధకుడు

ఉన్నాయి, రెండు తప్పకుండా గీయాలి. ఒకటి 2015 అక్టోబరు దగ్గర. అప్పటి నుంచి మోసాలు, కంప్యూటర్ దుర్వినియోగం గురించిన ప్రశ్నలు చేర్చారు. 2016 సెప్టెంబరుతో ముగిసిన ఏడాదికి అవి లేకుండా చూస్తే 62 లక్షల సంఘటనలు, వాటిని కలిపితే 1 కోటి 18 లక్షలు. కాబట్టి ఆ గీతకు అటు ఇటు ఉన్న మొత్తాలను కలిపి గీయరాదు, మోసాలు లేని వరుసను మాత్రమే కొనసాగించాలి. రెండవది 2020 వసంతం దగ్గర. కోవిడ్ వల్ల ఇళ్లకు వెళ్లడం ఆపి మే నుంచి ఫోనులో అడిగారు, మళ్లీ ఇళ్లకు వెళ్లడం 2021 అక్టోబరులో మొదలైంది. ఆ మధ్య భాగాన్ని చుక్కలతో గీయమనండి, ఫోనులో అడగలేక వదిలేసిన ప్రశ్నలు ఏవో పక్కన రాయమనండి. వాటిలో గృహహింస, లైంగిక నేరాల ప్రశ్నలు ఉన్నాయి.